మామా, నా తలల కామాలున్నయంట!

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున్నే మా అక్క ఫోన్ చేసింది. "చింటుగాని తలల రూపాయి బిళ్లంత జాగల వెంట్రుకలు పోయినయ్‌రా. అమ్మకు చెప్పకు, పరేషానైతది" అంది. పది నిమిషాలకు అమ్మ ఫోన్. "అక్క చెప్పిందా? నీకు చెప్పొద్దన్నది, చదువుకునేటోడు టెన్షన్ పడ్తడని..." మా ఇంట్లో రహస్యాల ఆయుష్షు పది నిమిషాలే. ఒక్కటి మాత్రం ఎనిమిది నెలలు బతికింది. అది నాది. దాని దగ్గరికి వస్తా.

నేనుండేది దిల్‌సుఖ్‌నగర్‌లో, గదికి నలుగురుండే హాస్టల్‌లో. గ్రూప్స్ కోచింగ్. అమ్మానాన్నలది తుర్కయంజాల్. అక్కావాళ్లదీ అక్కడే, రెండు గల్లీల అవతల. మెట్రో ఎల్బీనగర్‌లో ఆగిపోతుంది కదా, అక్కణ్నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని హస్తినాపురం, బీఎన్ రెడ్డి నగర్ దాటితే మా ఊరు. చెరువు చుట్టూ వెంచర్లు వచ్చినా, అపార్ట్‌మెంట్లు లేచినా మేం ఇంకా ఊరనే అంటాం.

ఇంటికెళ్లి చూశా. ఆరేళ్ల చింటుగాడు టీవీ ముందు కూర్చుని, చేత్తో తల వెనక గోక్కుంటున్నాడు. కుడి చెవి పైన ఒక గుండ్రటి మచ్చ. వెంట్రుకలు లేవు, కొంచెం తెల్లగా పొట్టు. అమ్మ అప్పటికే తేల్చేసింది: "పేనుకొరుకుడు. రాత్రిపూట పేను కొరికిపోతది. ఉల్లిగడ్డ రసం రాస్తే అదే వస్తది." పక్కింటి ఆంటీ ఇంకో అడుగు ముందుకేసి, తన కూతురికి వాడగా మిగిలిన లోషన్ సీసా తెచ్చి ఇచ్చింది. నిజంగా ప్రేమతోనే ఇచ్చింది. ఆ పిల్లకు మూడు నెలల్లో వెంట్రుకలు వచ్చాయట.

ఆ సీసా ఆ రాత్రే వాడేవాళ్లం. సోమవారం స్కూల్‌వాళ్లు చింటుగాని డైరీలో ఒక లైన్ రాసి పంపారు: తల మీద మచ్చ డాక్టర్‌కు చూపించి, చీటీతో పంపండి. అక్కకు కోపం వచ్చింది. నాకూ వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే ఆ లైన్ రాసిన టీచరమ్మకు దండం పెట్టాలనిపిస్తుంది.

సాయంత్రం అక్కను, వాణ్ని స్కూటీ మీద ఎక్కించుకుని ఎల్బీనగర్ వైపు ఒక స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. వాన. సాగర్ రింగ్ రోడ్డు దగ్గర నీళ్లు నిలబడి అరగంట ఇరుక్కుపోయాం. చింటుగాడు ముందు నిలబడి, నా హెల్మెట్ తన తలకు పెట్టుకుని, మొత్తం ప్రయాణం ఫైటర్ ప్లేన్ నడిపాడు. ఆ హెల్మెట్ సంగతి గుర్తుపెట్టుకోండి.

డాక్టర్ మేడం చింటుగాణ్ని స్టూలు మీద కూర్చోబెట్టి, సొరుగులోంచి ఒక చిన్న పరికరం తీసింది. బంగారం పనివాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం చుట్టూ చిన్న చిన్న లైట్లు బిగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. "ఇది సూది కాదు నానా, టార్చ్‌లైట్" అని ముందు వాడి అరచేతి మీద పెట్టి చూపించింది. తర్వాత తన ఫోన్‌కు తగిలించి, వాడి తల మీద ఆనించింది. ఫోన్ స్క్రీన్ మీద వాడి తల చర్మం పది రెట్లు పెద్దదై కనిపించింది. అడవిని డ్రోన్‌తో తీసినట్టు. ఆ పరికరం పేరు డెర్మోస్కోప్.

మీకో డౌట్ రావచ్చు, నాకూ వచ్చింది. పది రెట్లు అంటే గొప్పేముంది? మన ఫోన్లలో మాక్రో లెన్స్ ఉందిగా? ఆ రాత్రి ట్రై కూడా చేశా. మెరుపు తప్ప ఏం రాలేదు. తేడా పెద్ద చేసి చూపించడంలో లేదు, వెలుగులో ఉంది. మామూలు టార్చి వేస్తే చర్మం పైపొర కాంతిని అద్దంలా వెనక్కి కొట్టేస్తుంది, ఆ తళుకులో కింద ఉన్నదంతా దాక్కుంటుంది. దీంట్లో పోలరైజ్డ్ కాంతి వాడి ఆ తళుకును కోసేస్తారు. ఎండలో బండి నడిపేవాళ్లు పెట్టుకునే పోలరైజ్డ్ కళ్లజోళ్లు తెలుసుగా, అదే సూత్రం. అప్పుడు చర్మం కింద ఉండే సన్నటి రక్తనాళాలు, రంగు మచ్చలు, వెంట్రుక మొదళ్లు అన్నీ బయటపడతాయి. తెల్లతోలు దేశాల్లో దీన్ని ముఖ్యంగా చర్మ క్యాన్సర్ మచ్చలు చూడ్డానికి వాడుతూ వచ్చారు. మన దగ్గర దానికి దొరికిన పెద్ద పని వేరే. తామర.

"ఇటు చూడండి" అని మేడం స్క్రీన్ మా వైపు తిప్పింది. బట్టతల మచ్చ అనుకున్న చోట నిజానికి వెంట్రుకలున్నాయి. చర్మానికి కాస్త పైనే విరిగిపోయి, కొడవలిలా వంగి ఉన్నాయి. ఒకట్రెండు స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉన్నాయి. కొన్ని నల్ల చుక్కలు. "ఇవి కామా వెంట్రుకలు. రాసేటప్పుడు కామా పెడతాం చూడండి, అచ్చం అలా."

చింటుగాడు ఒక్కసారి కళ్లు పెద్దవి చేసి నావైపు తిరిగాడు. "మామా, నా తలల కామాలున్నయంట!"

అవి కామాలెందుకయ్యాయో మేడం చెప్పిన తీరు నాకు భలే నచ్చింది. వెంట్రుక, గోరు, చర్మం పైపొర, మూడూ కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారైనవే. తామర తెచ్చే ఫంగస్‌కు అదే తిండి. తలలోకి వస్తే వెంట్రుక లోపలికే దూరిపోతుంది. లోపలంతా డొల్లయిన వెంట్రుక నిటారుగా నిలబడలేదు, వంగుతుంది, విరుగుతుంది. పురుగు పట్టిన జొన్న కర్రలాగా. 2008లో పోలెండ్ డాక్టర్లు ఈ వంపును గమనించి, పిల్లల తలలో తామరను గుర్తుపట్టడానికి ఇదొక ఆనవాలు అని రాశారు. అప్పట్నుంచి డాక్టర్లు వీటి కోసం వెతకడం మొదలుపెట్టారు.

"మరి పేనుకొరుకుడు?" అని అక్క అడిగింది.

"అదైతే ఆశ్చర్యార్థకం గుర్తు కనిపిస్తుంది" అంది మేడం. జోక్ అనుకున్నా. కాదు. పేనుకొరుకుడులో విరిగిన వెంట్రుక పైన లావుగా, మొదట్లో సన్నగా ఉండి ఆశ్చర్యార్థకంలా కనిపిస్తుందట. పసుప్పచ్చ చుక్కలు కూడా ఉంటాయట. పేనుకు, దానికి ఏ సంబంధమూ లేదు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి వెంట్రుక కుదుళ్ల మీద దాడి చేస్తుంది. అందుకే దాని వైద్యంలో ఆ దాడిని చల్లార్చే స్టెరాయిడ్ వాడతారు.

అక్క హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పక్కింటి ఆంటీ సీసా తీసి టేబుల్ మీద పెట్టింది. మేడం లేబుల్ చదివి, "రాశారా?" అని అడిగింది. రాయలేదన్నాం. "మంచిది" అంది, అంతే. తర్వాత విడమర్చి చెప్పింది. అది స్టెరాయిడ్ లోషన్. పక్కింటి అమ్మాయికి సరైన మందే. చింటుగాడికైతే, లోపల మేస్తున్న ఫంగస్‌కు కాపలా తీసేసినట్టు. మచ్చ పెద్దదై, చీము పట్టి, మెత్తటి గడ్డలా లేస్తే కుదుళ్లు చచ్చిపోయి అక్కడ మళ్లీ వెంట్రుక రాకపోయే ప్రమాదం కూడా ఉంది. బయటికి ఒకేలా కనిపించే రెండు గుండ్రటి మచ్చలు. ఒకదానికి అమృతం, ఇంకోదానికి విషం. మధ్యలో ఒక కామా.

డెర్మోస్కోప్‌తో చూసి ఊరుకోలేదు. అది అనుమానాన్ని గట్టిపరుస్తుంది, ముద్ర వేసేది మాత్రం ల్యాబే అంది. దాని ఇంకో ఉపయోగం కూడా అప్పుడే చూశాను. పరికరం పెట్టి చూస్తూనే, సరిగ్గా ఆ కామా వెంట్రుకల్నే చిన్న పట్టకారుతో లాగింది. గుడ్డిగా లాగితే మంచి వెంట్రుకలు వచ్చి రిపోర్టు తప్పు రావచ్చు కదా. వాటిని గాజు పలక మీద పెట్టి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేశారు. అది కెరటిన్‌ను కరిగిస్తుంది, ఫంగస్‌ను కరిగించదు. మైక్రోస్కోప్ కింద పెడితే మిగిలేది దొంగే. ఇంకొన్ని వెంట్రుకలు కల్చర్‌కు పంపారు. ఆ రిపోర్టుకు మూడు నాలుగు వారాలు. ఫంగస్ సోమరి, తీరిగ్గా పెరుగుతుంది.

స్లైడ్‌లో ఫంగస్ దొరికింది. చింటుగాడికి మింగే మందు రాసింది. తల తామర పైపూతలకు లొంగదట, పూత వెంట్రుక లోపలికి వెళ్లదు. ఆ మందు ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి, అందుకని అన్నంలో నెయ్యి వేసి తినిపించాక ఇవ్వమంది. వాడికి ఇంతకన్నా మంచి ప్రిస్క్రిప్షన్ లేదు.

అప్పుడడిగింది ఆ ప్రశ్న. "ఇంట్లో ఇంకెవరికైనా దురదలు, తామర ఉన్నాయా?"

"లేదు మేడం" అంది అక్క.

నేను గోడ మీద పోస్టర్ చూస్తూ నిలబడ్డా.

ఎనిమిది నెలలు. హాస్టల్లో మొదలైంది. తొడల మధ్య చిన్న ఎర్రటి వలయం. ఆరని జీన్స్, నలుగురికి కలిపి ఒకే బట్టల తాడు, చెమట, పొద్దున ఆరింటికి క్లాసు. ఎవరికి చెప్తాం? గదిలో ఇంకో ఇద్దరికి ఉందని తర్వాత తెలిసింది. ఎవరికివాళ్లం దుప్పటి కింద గోక్కున్నాం. నేను మెడికల్ షాపుకు వెళ్లి, పక్కన ఆడవాళ్లు లేని టైమ్ చూసి, గొంతు తగ్గించి "అన్నా, దురదకు ఏమన్నా..." అన్నా. మాట పూర్తి కాకముందే ట్యూబ్ చేతిలో పెట్టాడు. ఒక బిర్యానీ కన్నా చవక. రెండ్రోజుల్లో దురద మాయం. ఆహా అనుకున్నా. ఆపిన వారానికి వలయం మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకొంచెం పెద్దగా. మళ్లీ ట్యూబ్. ఎనిమిది నెలల్లో ఎన్ని ట్యూబులో లెక్క లేదు. వలయం నడుము దాకా పాకింది. ఆదివారాలు ఇంటికెళ్లినప్పుడు చింటుగాడు నా టవల్‌తోనే తల తుడుచుకుంటాడు. నా మంచం మీదే పడుకుంటాడు. నా హెల్మెట్ పెట్టుకుని ఫైటర్ ప్లేన్ నడుపుతాడు.

వచ్చేటప్పుడు వాన ఆగింది. వాడికి హెల్మెట్ ఇవ్వలేదు. "ఎందుకు మామా?" అని ఇంజాపూర్ దాకా అడుగుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి నేరుగా బాత్రూంలోకి వెళ్లా. వెంటిలేటర్ పక్కన, పాత షాంపూ డబ్బా వెనక దాచిన ట్యూబ్ తీశా. లేబుల్ మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదివా. నాలుగు మందులు. ఒకటి ఫంగస్‌ది, రెండు బ్యాక్టీరియా వగైరా కోసం. మొదటి పేరు క్లోబెటసాల్. గూగుల్ చేశా. చర్మం మీద రాసే స్టెరాయిడ్లలో అతి బలమైన వాటిలో ఒకటి.

అప్పుడు గమనించా. నేను ట్యూబ్‌ను మధ్యలో పట్టుకుని పిసుకుతా. హాస్టల్ అలవాటు. ఇది తోక నుంచి మడతలు మడతలుగా, చివరి బొట్టు దాకా, చక్కగా చుట్టి ఉంది. మా ఇంట్లో పేస్టు ట్యూబ్‌ను అలా చుట్టే మనిషి ఒక్కరే.

అమ్మ వంటింట్లో చింటుగాని దువ్వెన వేడినీళ్లలో వేస్తోంది. ట్యూబ్ చూపించా. ఏం అడగాలో తెలియలేదు. అమ్మే అంది, స్టవ్ వైపు చూస్తూ. "నువ్వు పెట్టుకుంటున్నవ్ గదా కొడుకా. సదువుకున్నోనివి, మంచిదే తెచ్చుంటవ్ అనుకున్న."

ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి అని అడిగితే, బతుకమ్మ పండుగప్పటి సంది అంది. నడుముకు లంగా నాడా బిగించే చోట. నాడా ఒరుపు అనుకుంది. తర్వాత వేడి అనుకుంది. "గీ వయసుల అక్కడ వచ్చిందని ఎవ్వరికి జూపియ్యాలె?" పది నెలలు. నాకంటే రెండు నెలలు పెద్ద రహస్యం. అంటే నేను ఆమెకు అంటించానా, ఆమె నుంచి నాకు వచ్చిందా, లేక ఇద్దరికీ వేర్వేరుగా వచ్చిందా? ఇప్పటికీ తెలీదు. కానీ ఆ ట్యూబ్ ఆమె చేతికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు.

శుక్రవారం ఇద్దరం వెళ్లాం. డాక్టర్ ఆవిడ కాబట్టి అమ్మ వచ్చింది, లేకపోతే వచ్చేది కాదు. ముందు నన్ను చూసింది. ఏమీ అనలేదు. నేనే "ఆరోజు చెప్పాల్సింది మేడం" అన్నా. "ఇవాళ చెప్పారుగా, కూర్చోండి" అంది.

నా నడుము మీద డెర్మోస్కోప్ ఆనించే ముందు జెల్ ఏమీ రాయలేదు. పొడి పొట్టు ఎటువైపు లేచి ఉందో చూడాలట, తడి చేస్తే ఆ పొట్టు పారదర్శకమైపోయి ఆనవాలు పోతుందట. స్క్రీన్ మీద చూస్తే నాకే ఒళ్లు జలదరించింది. వలయం అంచున పొట్టు బయటివైపుకు ఊడుతూ, ముందుకు కదులుతున్న సైన్యంలా ఉంది. గోధుమరంగు చుక్కలు. చర్మం పల్చబడి, సన్నటి ఎర్రటి దారాల్లా రక్తనాళాలు. తొడ మీద తెల్లటి చారలు. లావెక్కి వచ్చిన చారలు అనుకుంటున్నా ఇన్నాళ్లూ. అవి ట్యూబ్ పెట్టిన చారలు. కొన్నిచోట్ల అవి అలాగే ఉండిపోతాయని మేడం మొహమాటం లేకుండా చెప్పింది.

ఒకచోట ఆగి, పెద్దది చేసి చూపించింది. ఒంటి మీద నూగు వెంట్రుకలుంటాయి కదా, కంటికి సరిగా కనపడనంత సన్నవి. వాటిలో రెండు మూడు చింటుగాని తలలో చూసినట్టే వంగి, రంగు మారి ఉన్నాయి. "ఫంగస్ వీటిలోకి కూడా దిగింది. అందుకే మీకు పూత ఒక్కటే సరిపోదు, మాత్రలు కావాలి." ఈ ఒక్క ముక్క కోసమైనా ఆ పరికరం కొనొచ్చనిపించింది నాకు. ఏ జబ్బు అన్నది ఒక ప్రశ్న. ఎంత లోతుకు పోయిందన్నది ఇంకో ప్రశ్న. రెండోది కూడా చెప్తోంది.

అమ్మ మచ్చను గుర్తుపట్టడం ఇంకా కష్టం. ట్యూబ్ రాసీ రాసీ అంచు చెరిగిపోయింది, వలయం అనేదే లేదు. మామూలు కంటికి నాడా రాపిడి నలుపే. ఇలా స్టెరాయిడ్ వేషం కట్టించిన తామరకు 1968లోనే ఇంగ్లండ్ డాక్టర్లు ఒక పేరు పెట్టారు, టీనియా ఇన్‌కాగ్నిటో. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో అని నొక్కుతాం చూడండి, అదే మాట, అదే అర్థం. మారువేషం. పైగా చామనఛాయ ఒంటి మీద ఎరుపు ఎరుపులా కనిపించదు, గోధుమ రంగులోకి తిరుగుతుంది. సోరియాసిస్ అయితే ఎర్రటి చుక్కలు ముగ్గు చుక్కల్లా వరసగా కనిపించాలి, ఎగ్జిమా అయితే పసుపు రంగు పెచ్చులు కనిపించాలి అని చూస్తూ, చూస్తూ, ఒక మూల కొంచెం పొట్టు దొరికించుకుని, అక్కడే గీకి స్లైడ్‌కు తీసింది. దొరికింది. షుగర్ టెస్టు కూడా రాసింది, ఫంగస్ మొండికేస్తే అది చూడాలట. అమ్మకు షుగర్ ఉందని అలా తెలిసింది. అది ఇంకో కథ.

ఆ తర్వాత వారం రోజులు పాలిటీ పక్కన పెట్టి ఇదే చదివా. కోచింగ్ పిచ్చి, ఏం చేస్తాం. మన దేశంలో పదేళ్లకు పైగా తామర ఒక మహమ్మారిలా నడుస్తోంది. ఒకప్పుడు రెండు మూడు వారాల పూతతో పోయేది ఇప్పుడు నెలలు పీడిస్తోంది. దీని వెనక ఉన్న ఫంగస్‌కు 2020లో జపాన్ శాస్త్రవేత్తలు కొత్త పేరు పెట్టారు. అక్కడున్న ఒక భారతీయుడి నుంచి, ఒక నేపాలీ నుంచి తీసిన నమూనాలు చూసి ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అన్నారు. ఇండో అంటే మనమే. టెర్బినాఫిన్ అనే మందుకు ఇది చాలాసార్లు లొంగదు, ఆ మందు దెబ్బకొట్టే ఎంజైమ్‌నే మార్చేసుకుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు ఆడవాళ్లకు దొరికింది, అందులో ఒకామె ఆమధ్య కాలంలో విదేశం వెళ్లనేలేదు. నాకు పాస్‌పోర్ట్ కూడా లేదు, మా ఫంగస్ అమెరికాలో సెటిలైపోయింది.

నాలుగు మందుల ట్యూబులే దీనికి ఏకైక కారణమని ఎవరూ అనరు. వేడి, చెమట, టైట్ బట్టలు, కిక్కిరిసిన గదులు, సగంలో ఆపేసే కోర్సులు, అన్నీ ఉన్నాయి. కానీ చర్మవైద్యుల జాతీయ సంఘం ఐఏడీవీఎల్ స్టెరాయిడ్ క్రీముల దుర్వినియోగం మీద ప్రత్యేకంగా ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టిందంటే ఊహించుకోండి. వాళ్లు మొత్తుకోగా మొత్తుకోగా 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. నా ట్యూబ్ మీద కూడా ఎర్ర గీత, హెచ్చరిక ఉన్నాయి. నేను చదవలేదు. అమ్మిన అన్న నన్ను చీటీ అడగలేదు. ఆయన్ని తిట్టుకుంటూ ఉండగా గుర్తొచ్చింది, అడిగి ఉంటే నేను ఇంకో షాపుకు పోయేవాణ్ని.

ట్యూబ్ ఆపాక మొదటి పది రోజులు నరకం. మేడం ముందే చెప్పింది, అణిచిపెట్టిన మంట మొత్తం పైకి లేస్తుందని. రాత్రిళ్లు అమ్మకు నిద్ర లేదు. "ఆ ట్యూబే ఒక్కసారి రాస్త కొడుకా" అని ఒకరోజు అడిగింది. చెత్తడబ్బాలో వేశానని చెప్పా. నిజానికి ఇంకా వెయ్యలేదు. ఆ రాత్రి వేశా. పొద్దున చెత్త బండి వచ్చి తీసుకెళ్లేదాకా గేటు దగ్గరే నిలబడ్డా. ఎవరి మీద నమ్మకం లేకో మీరే ఊహించుకోండి.

నాలుగో వారం కల్చర్ రిపోర్టులు వచ్చాయి. నా నడుము మీదిది మెంటాగ్రోఫైటిస్ జాతి గుంపుది. ఇండోటీనియే అనేది ఆ గుంపులోదే, ఖాయం చేయాలంటే డీఎన్ఏ చూడాలి, వైద్యానికి అంత అవసరం లేదంది మేడం. అమ్మది కూడా అదే గుంపు. చింటుగానిది ట్రైకోఫైటాన్ వయొలేసియం. వేరే జాతి. మన దగ్గర పిల్లల తలల్లో బాగా కనిపించేదే.

"అంటే నా వల్ల రాలేదా?" అన్నా.

"మీ దగ్గర ఉన్నది వాడి దగ్గర లేదు. స్కూల్లోనో, కటింగ్ షాపులో మిషన్ నుంచో, పక్క పిల్లల దువ్వెన నుంచో వచ్చి ఉంటుంది. ఎక్కడో చెప్పలేం."

నెల రోజులుగా వాణ్ని దగ్గరికి రానివ్వలేదు నేను. మంచం ఎక్కబోతే దించేశా. హెల్మెట్ బీరువా మీద పెట్టేశా. వాడు అమ్మమ్మతో "మామకు నేనంటే ఇష్టం లేదు" అన్నాడట. రిపోర్టు చేతిలో పట్టుకుని ఎల్బీనగర్ మెట్రో కింద నిలబడి అక్కకు ఫోన్ చేశా. అక్క నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత "అయితే అమ్మకు?" అంది. నేను జవాబు చెప్పకుండా బస్సొచ్చిందని పెట్టేశా.

ఎనిమిదో వారం చింటుగాణ్ని మళ్లీ చూపించాం. మచ్చ మీద గరుకుగా, ముళ్లలా కొత్త వెంట్రుకలు. డెర్మోస్కోప్ పెట్టగానే వాడే ముందు స్క్రీన్‌లోకి తొంగిచూశాడు. నిటారు గీతలు. ఒక్క వంపు లేదు.

"కామాలు ఏవి?" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నట్టు.

"పోయాయి నానా."

"మళ్లొస్తయా?"

"టోపీలు, దువ్వెనలు ఇచ్చి పుచ్చుకుంటే రావచ్చు" అని మేడం వాడికి కాకుండా మాకు చెప్పింది.

నాది ఇంకా పూర్తిగా పోలేదు. అంచు చదునైంది, దురద లేదు, కానీ డెర్మోస్కోప్‌లో ఇంకా కొంచెం పొట్టు కనిపిస్తోందని మాత్రలు ఆపొద్దంది. చర్మం మామూలుగా కనిపించాక కూడా కొన్నాళ్లు వాడాలట, సగంలో ఆపేవాళ్ల వల్లే ఫంగస్ రాటుదేలుతోందట. హాస్టల్లో మిగతా ఇద్దర్నీ కూడా పంపించా. ఒకడు వెళ్లాడు. రెండోవాడు "నాకు ట్యూబ్‌తో తగ్గింది మామా" అంటున్నాడు.

ఇంట్లో ఒక మార్పు వచ్చింది. మా డాబా మీద బట్టల తాడు ఉంటుంది. ఇన్నేళ్లూ అమ్మ లంగాల్ని చీర కింద దాచి ఆరేసేది, ఎవరికీ కనిపించకుండా. అవి ఎప్పుడూ సరిగ్గా ఆరేవి కావు. పోయిన ఆదివారం పైకి వెళ్తే తాడు మీద ముందు వరసలో నాలుగు లంగాలు, తిరగేసి, నాడాలు వేలాడుతూ, ఎండకు. చీరలు వెనక వరసలో. పక్కింటి ఆంటీ తన డాబా మీద నుంచి అటే చూస్తోంది.

"ఏంది వదినా, గట్ల ఆరేసినవ్?" అంది.

"పైకి రా, చెప్త" అంది అమ్మ.